కనిగిరి బోరు నీళ్లు, ఆర్వో ప్లాంటు: డబ్బు పెట్టే ముందు ఒక లెక్క

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. కనిగిరి పక్కన మీ సొంతూరు, జనాభా రెండు వేలు, ఊరంతా బోరు నీళ్లే తాగుతారు. పిల్లలకు గారపళ్లు. మీ నాన్నగారికి యాభై అయిదేళ్లకే నడుము, మోకాళ్లు పట్టేసి కింద కూర్చోలేకపోతున్నారు. అమెరికాలో ఉన్న మీ ఊరి కుర్రాళ్లు డబ్బు పోగుచేసి ఆర్వో ప్లాంటు పెట్టిద్దామంటున్నారు, పెట్టించాలా వద్దా అని అడిగారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగారు: "ప్రపంచమంతా మంచినీళ్లు అయిపోతున్నాయంటున్నారు, సముద్రం నీళ్లు శుద్ధి చేసుకుంటే ఈ బాధ ఉండదు కదా?"

నేను గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం నల్గొండ జిల్లాలోనే. మీ ఊరు నేను చూడలేదు. మీరు చెప్పిన మోకాళ్లు మాత్రం చాలా చూశాను. గారపళ్లు, బిగుసుకుపోయే కీళ్లు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే లక్షణాలు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఒక లెక్క వేద్దాం. పాత గ్రామీణ నీటి పథకాల్లో మనిషికి రోజుకు 40 లీటర్లు అని పెట్టుకునేవాళ్లం. తాగడానికి 3, వంటకు 5, స్నానానికి 15, గిన్నెలు తోమడానికీ ఇల్లు కడగడానికీ 7, మరుగుదొడ్డికి 10. జల్ జీవన్ మిషన్ వచ్చాక అది 55 అయింది. ఎంత పెరిగినా నోట్లోకి వెళ్లేది ఆ 8 లీటర్లే. రెండు వేల మందికి రోజుకు 16,000 లీటర్లు, అంటే మూడు ట్యాంకర్లు, ఆ పైన ఇంకొంచెం. ఏడాదికి దాదాపు 58 లక్షల లీటర్లు. ఇప్పుడు ఒక ఎకరం వరి తీసుకోండి. నాటు నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టామనుకుంటే 48 లక్షల లీటర్లు పైచిలుకు. మీ ఊరు మొత్తం ఏడాది పొడుగునా తాగి, వండుకునే నీళ్లు ఎకరంపావు వరి ఒక్క పంటలో తాగేస్తుంది.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. తప్పు చేశానేమోనని మళ్లీ వేశాను. రైతును తప్పుపట్టడానికి చెప్పడం లేదు, మాదీ వ్యవసాయ కుటుంబమే. తాగే నీళ్ల వాటా ఎంత చిన్నదో తెలియాలని చెబుతున్నాను. ప్రపంచంలో మనుషులు నదుల నుంచి, భూమిలోంచి తీసుకునే మంచినీళ్లలో 70 శాతం దాకా సేద్యానికే పోతాయి. 2022 నాటికి దాదాపు 220 కోట్ల మందికి భరోసాగా తాగగలిగే నీళ్లు ఇంట్లో అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క చెప్పాయి. వాళ్లలో చాలామంది ఎడారిలో లేరు. కళ్లముందు నీళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఆ నీళ్లలో మురుగో, ఉప్పో, ఆర్సెనిక్కో, ఫ్లోరైడో ఉంది. మీ ఊరూ అలాంటిదే.

సముద్రం నీళ్ల సంగతి ముందు చెప్పేస్తాను. పని చేస్తుంది, తీరంలో ఉన్న పెద్ద నగరాలకు. వెయ్యి లీటర్లు తియ్యడానికి ఇప్పుడున్న మంచి ప్లాంట్లలో కూడా మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు కాలుతుంది. మీ ఊరికి పంపాలంటే ఆ పైన పంపింగు, పైపులైను. చెన్నైలో 2010లో మింజూరు, 2013లో నెమ్మేలి ప్లాంట్లు వచ్చాయి, ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్లు. అయినా 2019 జూన్‌లో నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయేసరికి జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. సముద్రం పక్కనే ఉన్న ఊరి పరిస్థితి అది. నగరాల వరకు అయితే నాకు ఇంతకంటే నమ్మకమైన దారి వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచీ మురుగునీటిని శుద్ధిచేసి తాగునీటిలో కలుపుతున్నారు. మన నగరాల్లో ఆ మాటంటే ముఖం చిట్లిస్తారు, కానీ ఎప్పటికైనా అక్కడికి రాక తప్పదని నా నమ్మకం. ఇది మీ ఊరి సమస్యకు సంబంధించింది కాదు, వదిలేద్దాం.

మీ ఊరి సమస్యకు దగ్గరగా ఉన్నది బంగ్లాదేశ్. అక్కడ చెరువులు, గుంటల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి ఊరూరా చేతి పంపులు వేశారు. యునిసెఫ్ కూడా సాయం చేసింది. మంచి ఉద్దేశంతో చేసిన పనే. కానీ ఆ నేల పొరల్లో ఆర్సెనిక్ ఉందని అప్పుడు ఎవరూ పరీక్ష చెయ్యలేదు. 1990లలో చర్మం మీద మచ్చలు, పుండ్లు, తర్వాత క్యాన్సర్లు బయటపడ్డాక అర్థమైంది, కోట్ల మంది ఆ నీళ్లే తాగుతున్నారని. అప్పుడు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది చాలా చవకైనది. లక్షల పంపులు పరీక్షించి, ప్రమాదం ఉన్నవాటికి ఎర్ర రంగు, బాగున్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ఎర్ర పంపు ఉన్న ఇంటివాళ్లు చాలామంది బిందె పట్టుకుని పక్కింటి పచ్చ పంపు దగ్గరికి వెళ్లారు. కొత్త యంత్రం ఏదీ పెట్టకుండానే ఎంతోమంది విషం తాగడం ఆపేశారు.

అందుకే ప్లాంటు కంటే ముందు మీ ఊళ్లో ఉన్న బోర్లన్నీ పరీక్ష చేయించమంటాను. ఫ్లోరైడ్ ఊరంతా ఒకేలా ఉండదు. వంద గజాల దూరంలో ఒక బోరులో 4 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 1.2 వచ్చిన ఊళ్లు నేను చూశాను. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం.

ల్యాబ్‌లో ఈ పరీక్ష ఎలా ఉంటుందంటే, నీళ్లలో జిర్కోనియం కలిపిన ఎర్రటి రంగు ద్రావణం వేస్తాం. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఆ మేరకు ఎరుపు వెలిసిపోతుంది. మంచినీళ్ల గొట్టం ఎర్రగా ఉంటుంది, దాని పక్కనే ఫ్లోరైడ్ నీళ్ల గొట్టం పాలిపోయి కనిపిస్తుంది. ఒకసారి మా జిల్లాలోని మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన తన బోరు నీళ్లు బాటిల్లో పట్టుకుని స్వయంగా వచ్చాడు. గొట్టం ఎత్తి చూపించి "చూశావా తాతా, రంగు పోయింది" అన్నాను. ఆయన మెడ తిప్పి చూడలేకపోయాడు. ఒళ్లంతా తిప్పుకుని, రెండడుగులు పక్కకు జరిగి, అప్పుడు చూశాడు. చూసి, "ఈ నీళ్లు చానా తియ్యగుంటయి సారూ, పప్పు గూడ మెత్తగ ఉడుకుతది" అన్నాడు.

ఆయన అన్నది నిజమే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో చాలాసార్లు కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉంటాయి. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టేసి కిందికి దింపేస్తుంది. అది లేదు కాబట్టే ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి ఉండిపోతుంది. అలాంటి నీళ్లు సుద్దగా ఉండవు, సబ్బు బాగా నురుగొస్తుంది, పప్పు ఉడుకుతుంది, నాలుకకు హాయిగా ఉంటాయి. రంగు, వాసన, రుచి దేన్నిబట్టీ దీన్ని కనిపెట్టలేం. "మా బోరు నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయండీ" అని ఎవరైనా అంటే నేను ముందు ఆ బోరు నీళ్లే పట్టేవాణ్ణి.

ఇది ఫ్యాక్టరీ వదిలిన విషం కాదు. మన కింద ఉన్న గ్రానైటు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలో ఎక్కువ కాలం నిలవ ఉన్నకొద్దీ ఎక్కువ కరుగుతుంది. మన తాతలు తాగిన చేదబావుల్లో ఆ ఏడాది వాన నీళ్లే ఉండేవి. మనం రెండొందలు, ఐదొందలు, వెయ్యి అడుగులకు దిగి, ఎన్నో ఏళ్లుగా రాతిలో నానిన నీళ్లు తాగుతున్నాం. అలాగని పాత రోజుల్లో ఈ జబ్బు లేదనుకోకండి. దేశంలోనే ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే ఈ జబ్బును, వైద్యులు మొదటిసారి నమోదు చేసింది మీ ప్రాంతంలోనే, 1937లో, అది మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లాగా ఉన్నప్పుడు. అంతకుముందే రైతులకు ఏదో తేడా ఉందని తెలుసు. దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయేవి. మనుషుల్లో గుర్తించడానికి ఆ తర్వాత ఇంకొన్నేళ్లు పట్టింది.

ఇక ఆర్వో. ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ తీసేసింది ఎక్కడికి పోతుందో అడగండి. మీ బోరులో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. వెయ్యి లీటర్లు ప్లాంటులోకి పంపితే, బాగా నడిచే ప్లాంటులో ఐదొందలు మంచినీళ్లు వస్తాయి. మిగతా ఐదొందల లీటర్లలోకి దాదాపు మొత్తం ఫ్లోరైడ్, ఉప్పు చేరతాయి. అంటే లీటరుకు 7, 8 మిల్లీగ్రాములు. చాలా ఊళ్లలో ఆ నీళ్లను ప్లాంటు వెనక కాలవలోకి వదిలేస్తారు. అవి ఇంకి, అదే బోరు చుట్టూ దిగుతాయి. నేను చూసిన ఒక ఊళ్లో దాతలు కట్టించిన ప్లాంటు ప్రారంభోత్సవం నాడు జాతరలా జరిగింది. రెండేళ్లకు మెంబ్రేన్, అంటే నీళ్లను వడకట్టే పొర, పాడైంది. కొత్తది వెయ్యడానికి ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. అయినా మోటరు నడుస్తూనే ఉంది, క్యాన్లు నిండుతూనే ఉన్నాయి. నేను వెళ్లి పట్టిన శాంపిల్‌లో ఫ్లోరైడ్ 3.1 వచ్చింది. ప్లాంటు ఉందన్న ధైర్యంతో జనం అవే నీళ్లు పసిపిల్లలకు కూడా పట్టారు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో పొరపాటు. ఇరవై లీటర్ల క్యాను తాగడానికే వాడతారు, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుతారు. లెక్కలో చూశారుగా, వంటకు 5, తాగడానికి 3. అన్నంలో ఇంకిన నీళ్లలోని ఫ్లోరైడ్ అన్నంతోపాటే లోపలికి పోతుంది. కాచి చల్లార్చితే పోతుందని కొందరు అంటారు. పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క ముక్క మీ అమ్మగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.

మా జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన) సంస్థ 1970లలో తయారుచేసింది. ఇథియోపియా, టాంజానియాల్లో కూడా ఇదే పేరుతో వాడారు. ఇంట్లో చెయ్యడం సులభం. బకెట్ నీళ్లలో కొంచెం సున్నం, అందులో ఉన్న ఫ్లోరైడ్‌ను బట్టి పటిక కరిగించి పొయ్యాలి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు చాలు. మొదట ఒక నిమిషం గబగబా, తర్వాత పది నిమిషాలు పాలు కలిపినట్టు నెమ్మదిగా తిప్పాలి. చూస్తుండగానే విరిగిన పాలలా తెల్లటి తునకలు కట్టి, అడుగుకు దిగుతాయి. గంట కదపకుండా ఉంచి, పై తేట మాత్రం గుడ్డలో వడకట్టుకోవాలి. అడుగున మిగిలిన మడ్డిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని కూరపాదులో పొయ్యకండి.

అయితే ఊరంతటికీ ఇదే పెట్టండి అని మాత్రం చెప్పలేను. రోజూ చెయ్యాలి, రోజూ తూకం కుదరాలి. పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. పటిక బస్తా నెల ఆలస్యంగా వచ్చినా, ఆపరేటర్‌కు మూడు నెలలు జీతం అందకపోయినా ప్లాంటు మూతపడుతుంది. అలా మూతపడ్డవి ఎన్నో చూశాను. పద్ధతిలో లోపం లేదు. రోజూ చూసుకునే మనిషికి జీతం ఎవరిస్తారన్నది ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఇన్నేళ్ల అనుభవంలో నిజంగా పనిచేసింది ఏమిటంటే, బోరు నుంచి ఫ్లోరైడ్ తియ్యడం మానేసి, ఫ్లోరైడ్ లేని నీళ్లను ఊరికి తేవడం. అనంతపురం జిల్లాలో 1990లలో సత్యసాయి ట్రస్టు వందల గ్రామాలకు పైపులు వేసింది. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది, ఆ తర్వాత మా జిల్లా ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. వంగిపోయిన ఎముకలు వెనక్కి రావు. కానీ నేను ఆఖర్లో తిరిగిన బడుల్లో చిన్న తరగతి పిల్లలు నవ్వితే పళ్లు తెల్లగా ఉన్నాయి. పై తరగతి పిల్లలు ఇంకా చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేవాళ్లు. ఒకే బడి, ఒకే వరండా. ఆ తేడా చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అక్కడా ఇబ్బందులున్నాయి. నల్లా నీళ్లు క్లోరిన్ వాసన వస్తున్నాయని కొందరు మళ్లీ బోరుకే వెళ్తారు. బిందెలో పట్టి కాసేపు మూత తీసి ఉంచితే ఆ వాసన పోతుంది, ఇది ఇంటింటికీ చెప్పాలి.

మీ వైపు సాగర్ కాలవ నీళ్లతో నింపే సమ్మర్ స్టోరేజి ట్యాంకులు కొన్ని చోట్ల ఉన్నాయి. వెలిగొండ సొరంగాల గుండా శ్రీశైలం నీళ్లు వస్తే మీ ప్రాంతం కష్టం చాలావరకు తీరుతుంది, దానికోసం మీవాళ్లు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. అప్పటిదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. మీ ఊరి డాబాల మీద ఫ్లోరైడ్ లేని నీళ్లు ఏటా పడుతున్నాయి. యాభై చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన, అందులో ఐదో వంతు వృథా అనుకున్నా 24,000 లీటర్లు. నలుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ కలిపి ఏడాదికి కావలసింది 11,680 లీటర్లు. సగం వాన చాలు. డిసెంబరు నుంచి జూన్ దాకా వాన పడదనుకున్నా ఆ ఏడు నెలలకు ఏడు వేల లీటర్ల తొట్టి సరిపోతుంది. రాజస్థాన్ పల్లెల్లో టాంకాలు అనే వాన నీటి తొట్లు కట్టుకుని తరాలుగా ఇలాగే తాగుతున్నారు. మొదటి వాన డాబా కడిగి పోనివ్వాలి, గొట్టానికి జల్లెడ కట్టాలి, తొట్టికి వెలుతురు దూరకుండా మూత ఉండాలి, అప్పుడప్పుడు క్లోరిన్ వెయ్యాలి. మీ కుర్రాళ్లు పోగుచేసిన డబ్బు నా చేతిలో పెడితే, ముందు బడి మీద, అంగన్‌వాడీ మీద ఇలాంటి తొట్లు కట్టిస్తాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లల పళ్లు, ఎముకలు ఇంకా తయారవుతున్న వయసు. మొదటి బిందె వాళ్లది.

పరీక్షలో ఒక్క మంచి బోరైనా దొరికితే మాత్రం దాన్ని ఊరి ఆస్తిలా చూసుకోండి. దాని చుట్టూ కొత్త బోర్లు, వరి మడులు రాకుండా ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. ఇది కలలో మాట కాదు. 2000ల మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్ల నీటిమట్టం తామే కొలిచి, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఎన్ని నీళ్లున్నాయో, ఏ పంటకు ఎన్ని కావాలో లెక్క కట్టుకున్నారు. పెద్దగా చదువుకోని వాళ్లు కూడా గోడమీద ఆ లెక్కలు రాసేవాళ్లు.

మీ నాన్నగారి విషయానికి వస్తే, ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. అన్ని మోకాళ్ల నొప్పులూ నీళ్ల వల్లే రావు. తిండిలో పాలు, నువ్వులు, రాగులు, ఉసిరి, జామ పెంచండి. టీ తగ్గించండి, టీ ఆకులో ఫ్లోరైడ్ ఉంటుంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పరిశోధనలో తేలింది, కాబట్టి పులుసు, చారు మానక్కర్లేదు. ఇవన్నీ సాయం చేస్తాయంతే, నీళ్లు మార్చకుండా వీటితోనే నెట్టుకురాలేరు.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ప్రతి బోరు నుంచి ఒక లీటరు నీళ్లు పట్టండి. ప్లాస్టిక్ బాటిల్లోనే పట్టండి, గాజులో వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. బోరును ఐదు నిమిషాలు నడిపించి, అవే నీళ్లతో బాటిల్ మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. బాటిల్ మీద బోరు ఎవరిదో, ఎన్ని అడుగులో, తేదీ రాయండి. మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిది. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ల్యాబ్‌లో ఇవ్వండి. ఫ్లోరైడ్ ఒక్కటే అడగకండి. ఆల్కలినిటీ (క్షారత), హార్డ్‌నెస్ (కాఠిన్యం), టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు), నైట్రేట్ కూడా అడగండి. ఆ అంకెలన్నీ నాకు రాయండి. తొట్లు పూర్తయ్యేలోపు మీ అమ్మగారు బకెట్‌లో ఎంత పటిక, ఎంత సున్నం వెయ్యాలో లెక్క కట్టి చెబుతాను.